సాక్ష్యంలో లేని మనుషులు

నా పేరు అప్పాజీ. మా సంఘంలో మైకు చూసేది నేనే. ఆంప్లిఫయరు, రెండు బాక్సులు, చర్చి పక్క స్తంభానికి కట్టే హారన్, అన్నీ నావే. అద్దె నేనడగను, వాళ్ళివ్వరు. పక్కన కూర్చుని మీట తిప్పేవాడికి మనుషులు బాగా తెలుస్తారు. కొందరు మైకు మింగేసేలా పట్టుకుంటారు. కొందరు మూరెడు దూరంలో పెట్టుకుని గుసగుసలాడి, వినపడలేదంటే నన్ను తిడతారు. మైకు పట్టుకోవడం తెలిసిన మనిషి మా సంఘం మొత్తానికి ఒక్కతే, సంపూర్ణమ్మ.

నరసాపురానికి ఎగువన, గోదారి పాయ మధ్యలో ఉంటుంది మా లంక. సంపూర్ణమ్మ లేసు అల్లుకుని బతుకుతుంది. అరవై దాటాయి, భర్త లేడు, ఒక్కగానొక్క కూతురు సత్యకుమారిని భీమవరం దగ్గర ఇచ్చింది. చేతిలో సూదీ దారమూ లేకుండా ఆవిణ్ని చూసినవాళ్ళు తక్కువ. అంతకన్నా తక్కువమంది చూసింది ఆవిడ నోట కృతజ్ఞత లేకుండా.

ఆదివారం పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, మాకు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు చేసిన మేలేదో లేచి చెప్పాలి. అందరికీ మొహమాటమే, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. సంపూర్ణమ్మ మాత్రం ఎవరూ పొడవకుండానే లేచేది. తప్పిపోయిన లేసు సూది పరుపు కింద దొరికినందుకు స్తోత్రం. పోయిన కరెంటు అన్నం ఉడికేలోగా వచ్చినందుకు స్తోత్రం. కోడి పొదిగిన గుడ్లన్నీ పిల్లలైనందుకు స్తోత్రం. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ని. కానీ పెద్దగా ఏమీ లేని మనిషి అన్నిటికీ కృతజ్ఞత చెబుతుంటే, అన్నీ ఉండి గుర్రుగా కూర్చున్న మాబోటి వాళ్ళకి లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఆవిడది దొంగ భక్తి కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

సాక్ష్యానికి ఒక వరస ఉంది. ముందు కష్టం చెప్పాలి. తరవాత మనుషులెవరూ ఆదుకోలేదని చెప్పాలి. ఆ తరవాత దేవుడు రావాలి. మధ్యలో మనుషులు రాకూడదని ఎవరూ రూలు పెట్టలేదుగానీ, వస్తే సాక్ష్యం చప్పబడిపోతుంది, ఆమేన్‌లు గట్టిగా పడవు. మా సురేష్‌బాబుకి కడుపు ఆపరేషన్ అయినప్పుడు అన్నదమ్ములు నలుగురూ వంతులేసుకుని ఆస్పత్రిలో పడుకున్నారు. ఇంటికొచ్చాక వాడు మైకు పట్టుకుని “నా అన్నవాళ్ళు ఎవరూ లేని వేళ” అన్నాడు. వెనక బల్ల మీద అన్నదమ్ములు నలుగురూ ఆమేన్ అన్నారు. మాకది అబద్ధమని తోచదు. పాటకి పల్లవి ఉన్నట్టు సాక్ష్యానికి అదొక పల్లవి. నా మైకు ముందు ఎంతమంది అలా అనాథలయ్యారో నాకే తెలియదు.

సంపూర్ణమ్మ ఇంటికీ చర్చికీ మధ్యలో ఉంటుంది లోవరాజు ఇల్లు. లోవరాజు పడవ మీద చేపలు పడతాడు, భార్య నాగదుర్గ వాటిని నరసాపురం తీసుకెళ్ళి అమ్ముతుంది. వాళ్ళ కులం వేరు, దేవుళ్ళు వేరు. అయినా నాగదుర్గ సంపూర్ణమ్మని పిన్నీ అని పిలిచేది, నువ్వు అనేది, అవసరమైతే కసిరేది కూడా. ఇటునుంచి చేపల పులుసు వెళ్ళేది, అటునుంచి గోంగూర పచ్చడి వచ్చేది. పండగ ప్రసాదం మాత్రం నాగదుర్గ ఎప్పుడూ పంపేది కాదు. పిన్ని తినదు, పంపి ఇబ్బంది పెట్టడమెందుకు అనేది. సంపూర్ణమ్మ కూడా వాళ్ళని ఎప్పుడూ చర్చికి రమ్మని పీడించలేదు. మా లంకలో ఇలాంటివి మాట్లాడుకోకుండానే కుదిరిపోతాయి.

కిందటేడు ఆగస్టులో గోదారి పొంగింది. మధ్యాహ్నానికి వీధుల్లోకి నీళ్ళొచ్చేశాయి. అందరూ సామాన్లు అటక మీదకి ఎక్కించి, ఏటిగట్టు అవతలికి పోవడానికి తయారవుతున్నారు. వరదలో మనుషులకన్నా ముందు పాములు మెరక వెతుక్కుంటాయి. సంపూర్ణమ్మ బియ్యం డబ్బా పైకి పెడదామని దాని వెనక చెయ్యి పెట్టింది. అక్కడ రక్తపింజరి ఉంది.

ఆవిడ అరిచిన అరుపు నేను వినలేదు. నేను చర్చిలో ఆంప్లిఫయరు తడవకుండా దూలానికి కట్టుకుంటున్నాను. విన్నది నాగదుర్గ. నడుంలోతు నీళ్ళలో దడి విరగ్గొట్టుకుని వెళ్ళి, మొగుణ్ని కేకేసింది. లోవరాజు అప్పుడు తన వలలు తాటి మొద్దుకి కట్టుకుంటున్నాడు. సగం కట్టినవి అలాగే వదిలేసి పరిగెత్తాడు. సంపూర్ణమ్మని భుజాన వేసుకుని పడవలో పడుకోబెట్టి, దుంగలూ చెట్లూ కొట్టుకొస్తున్న ప్రవాహంలో నరసాపురం రేవుకి పడవ పోనిచ్చాడు. ఆ సమయంలో గోదారి మీదకి ఎవరన్నా పడవ దించుతారా అని తరవాత మా వాళ్ళందరూ అన్నారు. పడవ దించినవాడు మాత్రం ఏమీ అనలేదు.

పడవలో నాగదుర్గ పిన్ని తల ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూతపడుతుంటే చెంపల మీద కొట్టింది. అదీ పనిచెయ్యకపోతే, “నీ పాటలు పాడు పిన్నీ, పాడు” అని తనే మొదలుపెట్టింది. మా చర్చి పాటలన్నీ నాగదుర్గకి వచ్చు. ఏళ్ళ తరబడి నా హారన్ వాళ్ళింటి వైపే తిరిగి ఉంది, రాక ఏం చేస్తాయి. చరణాలు తప్పు పాడితే సంపూర్ణమ్మ అంత మగతలోనూ సరిదిద్దిందట. అలా పాడుకుంటూ ఆస్పత్రి చేరారు.

రోడ్లు మునిగిపోయి సత్యకుమారి రాలేకపోయింది. ఆవిడ వచ్చేదాకా మంచం దగ్గర ఉన్నది నాగదుర్గే. వాంతులు ఎత్తింది, గుడ్డలు మార్చింది, ఉతికింది. లోవరాజు ఇంటికొచ్చి చూసుకుంటే వలలు లేవు. గోదారి పట్టుకుపోయింది.

సంపూర్ణమ్మ బతికింది. చెయ్యి చాలాకాలం వాచి ఉంది, వేళ్ళు మునుపటిలా తిరగడానికి టైం పట్టింది. నవంబరులో సత్యకుమారి, అల్లుడు కలిసి ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టించారు. గండం గడిచినప్పుడు పాస్టరు గారినీ సంఘాన్నీ పిలిచి, పాటలూ ప్రార్థనా అయ్యాక అందరికీ భోజనం పెట్టడం మాకు ఆనవాయితీ. షామియానా గుంజలు పాతింది లోవరాజు. తెల్లారకుండానే ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది నాగదుర్గ. నువ్వే ముందుండి జరిపించాలే అని సంపూర్ణమ్మ ఆ పిల్లతో నా ఎదురుగానే అంది.

పాస్టరు ఏసుపాదం గారు ప్రార్థన చేసి, సహోదరి సాక్ష్యం చెబుతుంది అన్నారు. ఆవిడ మైకు తీసుకుంది. ఎంతోమందిని చూశానుగానీ, అంత బాగా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు. కొందరు ఏడ్చారు కూడా.

“ఆ దినాన జలములు నా ఇంట ప్రవేశించాయి ప్రియులారా. విషసర్పం నన్ను కాటు వేసింది. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఎలుగెత్తి అరిచాను, పలికే మనిషి లేడు. మనుషులందరూ చెయ్యి విడిచిన ఆ గడియలో నా దేవుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయనే దోనె పంపాడు. ఆ దోనెలో నన్ను ఆవలి ఒడ్డుకి చేర్చాడు.”

ఆవిడ మామూలుగా పడవ అంటుంది. మైకులో దోనె అంటుంది. మైకు ముందు మేమందరం పాత తెలుగే మాట్లాడతాం. ఆమేన్‌లు మోగిపోయాయి. ఆ దోనె తోలినవాడు షామియానా చివర నీళ్ళ డ్రమ్ము ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. డ్రమ్ము కిందికి దించి, భుజం మీద తువ్వాలు దులుపుకుని, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ దులుపుకోవడం నేను చూశాను. హారన్ పెట్టి ఉంది గనక వీధి వీధంతా వింది.

నాగదుర్గ ఆఖరి పంక్తి దాకా వడ్డించింది. గిన్నెలు తోమించింది. తను ఒక్క మెతుకు ముట్టకుండా ఇంటికెళ్ళిపోయింది. మర్నాడు సంపూర్ణమ్మ కూర గిన్నెతో వెళ్ళి, ఏమే, నిన్న తినకుండా వచ్చేశావంట అని అడిగింది. నాగదుర్గ చాలా మర్యాదగా చెప్పింది.

“ఆకలి లేదండి. మీరు శ్రమ తీసుకోకండి.”

మా ప్రాంతంలో అండి అనేది ఉప్పులాంటిది, అన్నిటిలోనూ పడుతుంది. ఆటోవాడికి అండి, పాలవాడికి అండి, పోట్లాటలో తిట్టేటప్పుడు కూడా అండి. కానీ నిన్నటిదాకా పిన్నీ, నువ్వు అన్న మనిషి ఇవాళ అండి అంటే అది గౌరవం కాదు, గడియ వెయ్యడం. సంపూర్ణమ్మకి ఆ సంగతి తెలిసింది. కారణం మాత్రం తెలియలేదు. నిజంగానే తెలియలేదు.

కారణం వీధికి తెలుసు. పడవల రేవులో ముసలి బుల్లియ్య ఉన్నాడు, ఆయన నోరు ఊరుకోదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఉంది కదా. ఆయన లోవరాజుని చూసి, “ఏం బోడి మల్లయ్యా, చేపలు పడ్డాయా” అనడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో రేవంతా అదే పిలుపు. లోవరాజు నవ్వేసేవాడు. అప్పు తెచ్చిన వలతో చేపలు పట్టుకుంటూ ఆ పేరు మొయ్యడం నవ్వే విషయం కాదు.

ఆ పిలుపు చెవినపడి సంపూర్ణమ్మకి కోపం వచ్చింది. సరాసరి మా ఇంటికొచ్చింది. దేవుడికి మహిమ ఇస్తే అంత కడుపుమంటా వీళ్ళకి, తన దేవుడి గురించి తన ఇంట్లో తను చెప్పుకోకూడదా అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. నాకు వాదనలు రావు. ఆ రోజు సాక్ష్యాన్ని సత్యకుమారి దాచుకుంటానంటే ఫోనులో రికార్డు చేసి ఉంచాను. వినమని పెట్టాను.

మొదట ఆవిడ ముఖం వెలిగింది. తన గొంతు తనకి నచ్చింది, అందులో తప్పేమీ లేదు. తరవాత ఆ మాట వచ్చింది, “ఎలుగెత్తి అరిచాను, పలికే మనిషి లేడు” అని. అక్కడ ఆవిడ ఏడుపుతో కాస్త ఆగింది. ఆ ఆగినచోట, వెనకనుంచి, పొయ్యిల దగ్గరనుంచి, ఒక ఆడగొంతు సన్నగా వినబడింది.

“పిన్నికి గొంతారిపోతంది. ఎవరన్నా మంచినీళ్ళియ్యండి.”

సంపూర్ణమ్మ వెనక్కి జరపమంది. మళ్ళీ వింది. ఇంకోసారి జరపమంది. మూడోసారి సగంలో నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఎలా ఆపాలో తెలియక కొంగులో చుట్టేసింది. కొంగులోంచి ఆవిడ గొంతే వస్తోంది, మనుషులందరూ చెయ్యి విడిచారని. నేను ఫోను తీసుకుని ఆపాను. ఆవిడ నా వైపు చూడలేదు. గోడవైపు తిరిగి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. నన్ను అడిగితే, ఆవిడకి పాము కరిచినప్పుడు కూడా ముఖం అంత నల్లబడి ఉండదు.

సిగ్గుపడిన మనిషి సరిగ్గా ఏ పనీ చెయ్యలేదు. ముందు పాస్టరు గారి దగ్గరికెళ్ళింది. ఆయన మంచివారు, సంగతి సర్దుదామని చూశారు. దేవుడు మనుషుల ద్వారానే పనిచేస్తాడమ్మా, ఆ పడవ దేవుడు పంపినదే, ఆ మనిషినీ దేవుడే పంపాడు, ఆ మాట వాళ్ళకి చెప్పండి, సంతోషిస్తారు అన్నారు. సంపూర్ణమ్మ ఆ మాట మూట కట్టుకుని లోవరాజు దగ్గరికెళ్ళి, నిన్ను ఆ రోజు దేవుడే పంపాడయ్యా అంది. లోవరాజు వల అల్లుకుంటూ తలెత్తకుండా జవాబు చెప్పాడు.

“నన్నెవరూ పంపలేదండి. మీరు అరిచారు. మా ఆడది పరిగెత్తింది. దాని వెనక నేను పరిగెత్తాను.”

కోపంగా కూడా అనలేదట. అదే ఆవిణ్ని ఎక్కువ బాధపెట్టింది.

తరవాత లేసు. వాచిన వేళ్ళతోనే సంపూర్ణమ్మ ఒక టేబుల్ గుడ్డ అల్లింది. లేసు కొనే ఏజెంటుకి ఇచ్చే రకం కాదు, కూతురి పెళ్ళికి అల్లిన రకం, అంచునిండా పువ్వులు. సంక్రాంతి దాటాక పూర్తయింది. తీసుకెళ్ళి నాగదుర్గ చేతిలో పెట్టింది. నాగదుర్గ విప్పి చూసింది, చాలా బాగుందండి అంది, మళ్ళీ మడత పెట్టింది.

“ఎంతివ్వమంటారండి?”

సంపూర్ణమ్మ ఆ గుడ్డ తిరిగి తెచ్చుకుని పెట్టెలో అడుగున పడేసింది. ఈ సంగతి నాతో చెప్పినప్పుడు, అప్పాజీ, అది నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది అంది. ఒక్కమాట మంచిగా చెప్పి ఇవ్వొచ్చుగా పెద్దమ్మా అన్నాను. ఏ మాట అని అడిగింది. నేనూ ఆలోచించాను. వందనాలు అంటే పాస్టరు గారికి చెప్పేది. థ్యాంక్స్ అంటే కుర్రాళ్ళు ఫోనులో చెప్పుకునేది. ధన్యవాదాలు అంటే మీటింగు ఆఖర్న మైకులో నేను చెప్పేది. దడి అవతల మనిషికి చెప్పే మాట మా దగ్గర లేదు. మాకది ఎప్పుడూ అవసరం రాలేదు, గిన్నెలు వెళ్ళేవి, గిన్నెలు వచ్చేవి.

సాక్ష్యాల సమయంలో ఆవిడ లేవడం మానేసింది. మొదట ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. తరవాత అలవాటు పడ్డారు. పాస్టరు గారు ఒకటి రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. ఆవిడ తల అడ్డంగా ఊపి కూర్చుంది. కోళ్ళు గుడ్లు పెడుతూనే ఉన్నాయి, కరెంటు పోయి వస్తూనే ఉంది, ఎవరూ స్తోత్రం చెప్పలేదు. మా ఆరాధన పావుగంట ముందే అయిపోయేది. చెప్పకూడదుగానీ, ఆ పావుగంట కోసం ఒకప్పుడు విసుక్కున్నవాణ్ని నేనే, అది లేకపోతే చర్చి బోసిగా అనిపించింది.

ఈ ఏడు ఆషాఢం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నాగదుర్గ ఇంటి తలుపు వేసి ఉండడం సంపూర్ణమ్మ చూసింది. మాటలు లేకపోయినా ఆ తలుపు మీద ఓ కన్ను ఉండేది. జ్వరమేమో అని భయపడి రేవుకెళ్ళి లోవరాజుని అడిగింది. నాగదుర్గ పుట్టిల్లు పెద్దాపురం పక్క ఊరు. మరిడమ్మ జాతరకి వెళ్ళిందండి అన్నాడు. అని, చెప్పొచ్చో లేదో అన్నట్టు చూసి చెప్పాడు.

“మీ మొక్కుందండి.”

తన మొక్కేంటని ఆవిడ అడిగింది. ఆ రోజు పడవలో, పాటలు పాడిస్తూనే, నాగదుర్గ మనసులో మొక్కుకుందట. పిన్ని బతికితే అమ్మవారికి చీరా గాజులూ పెట్టి, కోడిని కోస్తానని. మీరు వేరే దేవుడు గదండి, తెలిస్తే మీ మనసు కష్టపడుద్దని మీకు చెప్పొద్దంది అన్నాడు లోవరాజు. సంపూర్ణమ్మ అడిగింది, నా మీద ఇంత కోపం పెట్టుకుని కూడా వెళ్ళిందా అని.

“ఆయ్. కోపం కోపమేనండి, మొక్కు మొక్కే. మీ పేరు చెప్పే పెడుద్ది.”

ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. దేవుడు కాని దేవత పేరు మీద ఏడవకూడదని తెలుసు, అయినా ఆగలేదు. వాళ్ళ దేవత ముందు నా పేరు ఉంది, నా దేవుడి ముందు నేను వాళ్ళ పేరు మింగేశాను అప్పాజీ, ఎలా నిలబడను నేను ఆయన ముందు అంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను అని కూడా అంది. ఊరికే అనేమాట కాదది. ఆదివారం మైకు ఇయ్యి, హారన్ కూడా పెట్టు అని చెప్పి వెళ్ళింది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో సంపూర్ణమ్మ లేచింది. అందరూ సంతోషించారు. వెనక బల్లల్లో ఎవరో అప్పుడే ఆమేన్ కూడా అనేశారు. ఆవిడ మైకు పట్టుకుని, ఈసారి మామూలు తెలుగులో మాట్లాడింది.

“నేను నవంబరులో ఇదే మైకులో అబద్ధ సాక్ష్యం పలికాను. అరిస్తే పలికే మనిషి లేడన్నాను. నేను అరిస్తే నాగదుర్గ వచ్చింది. నన్ను మోసింది లోవరాజు. ఆస్పత్రిలో నా మురికి ఎత్తింది నాగదుర్గ. నన్ను కాపాడబోయి వాళ్ళు వలలు పోగొట్టుకున్నారు. వాళ్ళు నా ఇంటికొచ్చి కూడికకి వండుతుంటే, నేను వాళ్ళ వీపు వెనకే నాకెవరూ లేరన్నాను.”

సాక్ష్యమనే మాట ముందు అబద్ధ అనే మాట తగిలేసరికి అందరికీ పది ఆజ్ఞలు గుర్తొచ్చినట్టున్నాయి. ఎక్కడ ఆమేన్ అనాలో ఎవరికీ తెలియలేదు. సురేష్‌బాబు తల దించుకుని బల్ల మీద గోరుతో గీస్తున్నాడు. ఆవిడ అక్కడితో ఆగలేదు. నేను బతికినందుకు నాగదుర్గ పెద్దాపురం వెళ్ళి వాళ్ళ అమ్మవారికి నా పేరున మొక్కు తీర్చిందని కూడా చెప్పింది. పాస్టరు గారు చటుక్కున నా వైపు చూసి, మీట తగ్గించమన్నట్టు వేళ్ళు తిప్పారు. నాకు కిందేదో వైరు ఊడినట్టు అనిపించి బల్ల కిందికి వంగాను. సాక్ష్యం అయ్యేదాకా ఆ వైరు నాకు దొరకలేదు.

ఆవిడ స్తోత్రం అనకుండానే కూర్చుంది. ఏసుపాదం గారు లేచి, గొంతు సవరించుకుని, పాట పాడుకుందాం అన్నారు.

ఆరాధన అయ్యాక నేను హారన్ దింపుదామని నిచ్చెనెక్కాను. పైనుంచి లోవరాజు పెరడు అంతా కనబడుతుంది. నాగదుర్గ కత్తిపీట ముందేసుకుని చేపలు కోస్తోంది. జాతరనుంచి ముందురోజే వచ్చింది. సంపూర్ణమ్మ పెరటి దడి దగ్గరికొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. నాగదుర్గ తలెత్తలేదు. పొలుసు తీస్తూనే మాట్లాడింది. ఆ మాటలు నిచ్చెన మీదికి వినబడుతున్నాయి.

“మళ్ళీ మైకులోనే చెప్పావా. అప్పుడూ ఊరందరికీ చెప్పావ్, ఇప్పుడూ ఊరందరికీ చెప్పావ్. నేను నీకు పదడుగుల్లో ఉంటాను. ఇన్ని నెలల్లో నా మొహం చూసి ఒక్కమాట అనబుద్ధి కాలేదా నీకు?”

నాకు కిందికి దిగాలనిపించింది. హారన్ సగం విప్పి ఉంది, వదిలితే పడుతుంది. అలాగే పట్టుకుని నిలబడ్డాను.

సంపూర్ణమ్మ నోరు తెరిచింది, మూసింది. వేల సాక్ష్యాలు చెప్పిన మనిషి. సూది దొరికితే కృతజ్ఞత చెప్పిన మనిషి. దడి కర్ర రెండు చేతులా పట్టుకుని, బడిలో పాఠం రాని పిల్లలా నిలబడింది. చివరికి మాట వచ్చింది, మైకులో ఎప్పుడూ వినని చిన్న గొంతుతో.

“దేవుడికి చెప్పడం అలవాటే. మనిషికి ఎలా చెప్పాలో నాకు రాదే.”

నాగదుర్గ చేతిలో చేప కత్తిపీట మీద అలాగే ఆగిపోయింది. తరవాత నాగదుర్గ మోచేత్తో కళ్ళు తుడుచుకుని, అయితే ఆ చెంబుతో నీళ్ళు పొయ్యి, చేతులు కడుక్కుంటాను అంది. సంపూర్ణమ్మ దడి తప్పించుకుని లోపలికెళ్ళి, వంగి నీళ్ళు పోసింది.